వంకర చేయి

ఉడుత అసలు పేరేమిటో ఇంట్లోవాళ్ళు కూడా కాస్త ఆలోచించి చెప్పాల్సిందే. నడక వచ్చిన నాటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదని మేనత్త ఆ పేరు పెట్టింది, అదే ఖాయమైపోయింది. చిత్రమేమిటంటే, ఆ ఓడలో ఉడుతను కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ముత్తాతల కాలంలో నేలను వదిలి బయలుదేరినప్పుడు జంతువులను తేలేదు గాని, వాటి పేర్లు మాత్రం మాటల్లో దాచుకుని తెచ్చుకున్నారు. మొండికేసినవాణ్ణి గాడిద అంటారు, ఎక్కువ తిన్నవాణ్ణి ఏనుగు అంటారు. ఆ రెండింట్లో ఏది పెద్దదని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు.

ఓడ అంటే నీళ్ళ మీద పోయేది కాదు. ఒక సూర్యుణ్ణి వదిలి ఇంకో సూర్యుడి దగ్గరికి, ఆ రెంటి నడుమ ఉన్న చీకట్లో, తరాలుగా పోతూనే ఉన్న ఓడ. దాని నడుముకు పెద్ద చక్రం ఉండేది. ఇళ్ళు, వంటశాలలు, బడి, కూరగాయల మళ్ళు, అన్నీ ఆ చక్రం లోపలే. చక్రం ఆగకుండా తిరుగుతుంది గనకే మనుషుల కాళ్ళు నేలకు ఆనేవి, చెంబులో నీళ్ళు చెంబులో ఉండేవి. చక్రానికి ముందు, పొడుగాటి మెడలాంటి గొట్టం చివర, కొండంత మంచు ఉండేది. అది తిరగదు. దాన్ని డాలు అనేవాళ్ళు. ఓడ పోయే వేగానికి కంటికి ఆనని దుమ్ము ఎదురొచ్చినా ఇనుములో బొక్క పడుతుంది. ఆ దెబ్బలన్నీ డాలు తన ముఖం మీద కాచుకునేది. దాని వీపు వైపు నుంచి కొంచెం కొంచెంగా కోసి తెచ్చిన మంచే ఓడకంతా తాగునీరు.

ఆ మంచు కోసే పని మేనత్తది. మనిషి సన్నగా, చేతులు మాత్రం మొద్దుగా ఉంటాయి. నోరు ఆమె రంపం కంటే పదును. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "నేను బయటికి పోయొచ్చేసరికి వాడు ఇంట్లో భయపడి చచ్చేవాడు, ఒక ప్రాణం కాపాడాను" అనేది.

ఉడుతకు పదిహేడో ఏడు వచ్చాక, అత్తతో పాటు కోతకు పోతానని పట్టుపట్టింది. తల్లి ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కూడా ఒప్పుకోనట్టే మాట్లాడుతూ ఉండేది. బయలుదేరే రోజు పొద్దున కూతురి జడ బిగించి అల్లుతూ ఆడపడుచుకు వినపడేలా అంది:

"అందరి ఆడపడుచులూ చీరలు అడుగుతారు, నగలు అడుగుతారు. నా ఆడపడుచు నా పిల్లనే అడిగింది."

మేనత్త గుమ్మంలో నిలబడి నవ్వింది. "నీ పిల్లని మింగనులే వదినా. అయినా మింగితే అరుగుతుందా ఇది? లోపల కూడా గంతులేస్తుంది."

"అమ్మా, జడ నొప్పిగా ఉంది."

"ఉండనీ. హెల్మెట్‌లో వెంట్రుకలు కళ్ళ మీద పడితే ఎవరు తీస్తారు? మీ అత్త తీస్తుందా?"

"తీస్తానులే, రంపంతో," అంది మేనత్త.

మెడ గొట్టం చివర ఒక చిన్న గది. అక్కడ తిరుగుడు లేదు గనక బరువూ లేదు. గోడల కొక్కేలకు తగిలించిన సూట్లు, అలసిపోయిన మనుషుల్లా తేలుతుంటాయి. రబ్బరు వాసన, పాత చెమట వాసన, గ్రీజు వాసన. ఆ గదిని చూసుకునేది గిలక తాత. కోసిన మంచుగడ్డలను లోపలికి లాగే పెద్ద తాడు, ఆ తాడు చుట్టుకునే గిలక, ఆయన కింద ఉంటాయి. తాడును కన్నకూతురి కంటే ఎక్కువ చూసుకుంటాడని ఆయన భార్యే చెప్పేది.

కొత్తవాళ్ళు బయటికి పోయే ముందు అక్కడ ఒక ఆట ఆడించడం ఆనవాయితీ. తాత ఒక ఖాళీ డబ్బా పట్టుకుని ఎదురుగోడకు ఆనుకున్నాడు. ఉడుత చేతికి గుడ్డ ఉండ ఇచ్చాడు.

"ఇందులో వెయ్యి చూద్దాం."

ఉడుతకు నవ్వొచ్చింది. బడిలో ఉండాట ఆడితే ఆమెను మించినవాళ్ళు లేరు. గురి చూసి విసిరింది. ఉండ డబ్బాకు బారెడు పక్కన గోడకు తగిలి, నింపాదిగా తిరిగి వచ్చింది. మళ్ళీ విసిరింది. మళ్ళీ అటే పోయింది.

"వంకర చేయి!" అన్నారు తాతా అత్తా ఒకేసారి, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

ఉడుత ముఖం ఎర్రబడింది. "డబ్బా కదిలించావు తాతా."

"నేనా? నేను ఊపిరి కూడా పీల్చలేదు తల్లీ."

మేనత్త ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "చక్రంలో ఏది విసిరినా తిన్నగా పోదే. కింద నేల తిరిగిపోతూ ఉంటుంది కదా, వస్తువు పక్కకు ఒరిగినట్టు పోతుంది. అందుకని పుట్టినప్పటి నుంచి మన చెయ్యి కొంచెం పక్కకు గురిపెట్టడం నేర్చుకుంటుంది. నేర్చుకున్నట్టు మనకే తెలీదు. ఇక్కడ తిరుగుడు లేదు. తిన్నగా విసిరితే తిన్నగా పోతుంది."

"మరి నీ చెయ్యి?"

"నాది సాగదీసి సాగదీసి తిన్నగా చేసుకున్నాను. చాలా ఏళ్ళు పట్టింది."

"అదీ సంబడమే," అన్నాడు తాత. "ఇప్పుడు చక్రంలో మీ అత్త నాకు చెంబు విసిరితే నా పక్కవాడికి తగులుతుంది. పోయినసారి మా బావమరిది నుదురు బొప్పి కట్టింది."

"వాడికి తగిలితే తప్పేం లేదులే బాబాయ్," అంది మేనత్త.

సూట్లు వేసుకున్నారు. తాత ప్రతి అతుకునూ బొటనవేలితో నొక్కి నొక్కి చూశాడు. తలుపు తెరుచుకుంది.

బయట అడుగు పెట్టగానే ఉడుత చేసిన మొదటి పని గట్టిగా కళ్ళు మూసుకోవడం. రెండోది, తెరవడం. చక్రంలో కిటికీలు ఉన్నా అరచేయంత ఉంటాయి, వాటిలోంచి చుక్కలు గిర్రున తిరుగుతూ కనిపిస్తాయి. చుక్కలంటే తిరిగేవే అనుకుంటూ పెరిగింది ఆ పిల్ల. ఇక్కడ అవి కదలలేదు. ఒక్కటీ కదలలేదు. పైన, పక్కన, కాళ్ళ కింద, ఎక్కడ చూస్తే అక్కడ, ఊపిరి బిగబట్టుకుని తననే చూస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. వాటి వెనక ఇంకా ఉన్నాయి. వాటి వెనక నల్లదనం కూడా ఖాళీ కాదనిపించింది. మనసు వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి, అలసిపోయి, తిరిగొచ్చింది.

"ఏమే, ఉన్నావా?" అంది అత్త రేడియోలో.

"ఉన్నానత్తా."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడిస్తే ఏడువు, ఫరవాలేదు. కానీ ఇక్కడ కన్నీళ్ళు కారవు, కంటి మీదే ముద్దగా నిలబడతాయి. ముందు చూసుకుని నడువు."

డాలు వీపు మీద ఇనుప కమ్మీ ఒకటి వేసి ఉంది. దానికి తమ నడుము తాళ్ళు తగిలించుకుని, ముళ్ళ బూట్లు మంచులో గుచ్చుకుంటూ, అంచు దాకా నడిచారు. ఆ వారం కోత అంచు దగ్గర. అంచు దాటితే డాలు నీడ ఉండదు, ఎదురొచ్చే దుమ్ముకు అడ్డం ఉండదు. అందుకని అంచుకు ఇవతలే ఆగాలి. పెద్ద తాడు కొక్కెం పట్టుకుని వచ్చి కమ్మీకి తగిలించారు.

మంచు తెల్లగా ఉంటుందనుకుంది ఉడుత. కాదు. హెల్మెట్ దీపం పడిన చోట నీలం, లోతుకు పోయేకొద్దీ నలుపు. లోపల ఎక్కడో సన్నని పగుళ్ళు వెండి దారాల్లా మెరుస్తున్నాయి. మేనత్త వేడి రంపం దించింది. శబ్దం లేదు. బూట్ల ద్వారా ఒంట్లోకి సన్నని వణుకు మాత్రం వచ్చింది. గదంత గడ్డను మూడు వైపులా కోసి, నాలుగో వైపుకు వెళ్ళి, గడ్డ మీద కాళ్ళు ఆనించుకుని అత్త రంపం లోతుగా దించింది.

అప్పుడు జరిగింది.

మంచు లోపల ఏ కాలం నాటిదో గాలి ఒకటి బుడగలా చిక్కుకుని ఉంది. రంపం వేడికి అది ఉబ్బింది. ఉడుతకు కనిపించింది ఒక్కటే: తెల్లటి పొగ ఒకటి చప్పుడు లేకుండా విచ్చుకుంది, ఆ పొగలోంచి గడ్డ, గడ్డతో పాటు అత్త, అంచు దాటి, ఏటవాలుగా డాలు ముందు వైపుకు లేచిపోయారు. అత్త నడుము తాడు బిగుసుకుని, పదునైన మంచు అంచుకు ఒరుసుకుని, పుటుక్కున తెగింది.

గడ్డ వేగంగా పోలేదు. అదే భయంకరం. మనిషి నడిచేంత నిదానంగా, తాపీగా, తన మీద తానే తిరుగుతూ పోతోంది. రంపం దానిలోనే దిగబడి ఉంది. ఆ రంపం పిడి పట్టుకుని అత్త.

"అత్తా!"

"ఉన్నాను." దగ్గు. "నాకేం కనపడటం లేదే. ఆ ఆవిరంతా అద్దం మీద గడ్డకట్టింది. గీకినా రావట్లేదు."

ఉడుత తన నడుముకున్న విడి తాడు తీసింది. చివర చిన్న కొక్కెం. అత్త ఇంకా దగ్గర్లోనే ఉంది, విసిరితే అందేంత దూరంలో. చేయి వెనక్కి తీసి, ఒంట్లో బలమంతా పెట్టి విసిరింది.

కొక్కెం బారెడు పక్కగా పోయింది.

అత్తకు అది కనిపించనే లేదు. ఉడుత మాత్రం చూసింది. చేయి వదిలిన క్షణానే తెలిసింది. తాడు వెనక్కి లాక్కునేసరికి గడ్డ ఆ తాడు అందని దూరానికి పోయింది. ఇంకో విసురుకు చోటు లేదు.

"ఏం జరిగింది?" అంది అత్త.

ఉడుత తాడు చుట్టుకుంటూనే అంది, "విసిరాను. తప్పింది."

అత్త మామూలు గొంతుతో అంది, "సరేలే. నేనైనా మొదటి రోజు అంతే విసిరేదాన్ని. బాబాయ్, బయట తిరిగే చిన్న పడవ సిద్ధం చేయించు."

"చేయిస్తున్నాను," అన్నాడు గిలక తాత. "చేయిస్తున్నానమ్మా. దానికి టైం పడుతుంది, నీకు తెలుసుగా. నీ సూటు ఎలా ఉంది?"

"గాలి ఉంది. వేడి పోయింది. వేడి తీగ తెగినట్టుంది. కాళ్ళు మొద్దుబారుతున్నాయి."

ఆ మాటతో ముగ్గురికీ విషయం తెలిసిపోయింది. పడవ వచ్చేసరికి గడ్డ మీద అత్త ఉంటుంది గాని, ఆ అత్త మాట్లాడదు.

ఉడుత కమ్మీకి తగిలించిన పెద్ద తాడు కొక్కెం తీసి తన నడుము పట్టీకి తగిలించుకుంది. కమ్మీకి ఉన్న తన నడుము తాడు విప్పేసింది.

"తాతా, గిలక వదులు."

"ఎందుకు?"

"నేను పోతున్నాను."

"నీకు పిచ్చి పట్టిందా? డాలు నీడ దాటిపోతావు! మీ అమ్మకు నేనేం చెప్పుకోను?"

"నేను రాకపోతే ఏం చెప్పాలో ఆలోచిద్దువుగాని. ఇప్పుడు వదులు తాతా, దండం పెడతాను."

"ఒసే వద్దు!" అంది అత్త. "బాబాయ్, వదలొద్దు. ఒక్కళ్ళం పోతే చాలు."

ఉడుత నడుము దగ్గర బిగుతుగా ఉన్న తాడు మెత్తబడింది. తాత గిలక వదిలేశాడు.

"తిన్నగా పో తల్లీ," అన్నాడు.

చేతికి అబద్ధం అలవాటైంది గాని కాళ్ళకు కాలేదు. ఉడుత మంచు అంచు మీద గొంతుక్కూర్చుంది. రెండు మోకాళ్ళ మధ్య నుంచి గడ్డను చూసుకుంది. రెండు కాళ్ళతో ఒకేలా తన్నింది.

డాలు ఆమె కింద నుంచి వెనక్కి జారింది. అంచు దాటింది. ఎన్నడూ లేనిది, ఆమె చుట్టూ ఏమీ లేదు. వెనక తాడు ఒక్కటి, వెంట్రుకలా. చుక్కలు మాత్రం ఒక్క పిసరు కూడా దగ్గర కాలేదు, దూరం కాలేదు. ఎంత వేగంగా పోతున్నా వాటి ముందు తను నిలబడి ఉన్నట్టే ఉంది. భయం వేయాలి. వేసింది కూడా. కానీ ఆ భయం పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది, దానికి ఉడుత దగ్గర పేరు లేదు. ఇంత పెద్ద చోట ఒకే ఒక్క గొంతు పళ్ళు టకటకలాడిస్తూ తనను తిడుతోంది. ఆ గొంతు దగ్గరికి తను పోతోంది. లోకంలో ఇంకేమీ లేదు.

"గాడిదా! బుద్ధిలేనిదానా! మీ అమ్మ నన్ను బతకనిస్తుందా?"

"నువ్వు బతికితేనే కదా అత్తా, బతకనివ్వకపోవడం."

"నోరు చూడు!"

"తాడు అయిపోతోంది పిల్లా," అన్నాడు తాత. "గిలక ఇరుసు కనపడుతోంది నాకు. కాస్తే ఉంది. మెల్లగా బ్రేకు వేస్తున్నాను."

నడుము దగ్గర లాగింది. ఇంకాస్త లాగింది. ఉడుత ఆగింది.

గడ్డ ఆగలేదు. ఎదురుగా, ఒక వీధి వెడల్పు దూరంలో, బొంగరం అలసిపోయాక తిరిగినంత నెమ్మదిగా తిరుగుతూ, ఇంకా ఇంకా పోతోంది. అత్త దాని మీద ఒకసారి ఇటు వచ్చేది, ఒకసారి అటు మరుగయ్యేది. పట్టుకున్న పిడిని రెండు చేతులా వాటేసుకుని ఉంది.

"అత్తా, తాడు అయిపోయింది. నువ్వే రావాలి. దూకాలి."

"ఎటని దూకనే? నాకు పాలల్లో మునిగినట్టుంది."

"నా దీపం నీ మీదకి పెడతాను. కనిపిస్తోందా?"

కాసేపటికి అత్త అంది, "ఏదో వెలుగులాగా వస్తోంది, పోతోంది. గడ్డ తిరుగుతోంది కదూ? సరే. వెలుగు ముఖానికి ఎదురుగా వచ్చినప్పుడు తన్నుతాను. పట్టుకో."

"ఆగు!" అని అరిచింది ఉడుత. ఎందుకు అరిచిందో ఆమెకే తెలియలేదు. తిరుగుతున్న ఆ గడ్డను చూసింది. దాని అంచుల నుంచి మంచు పెచ్చులు ఊడి పోతున్నాయి. ఎదురుగా ఉన్నప్పుడు ఊడిన పెచ్చు తన వైపు రావడం లేదు, పక్కకు పోతోంది. కాస్త ముందుగా ఊడినదే తన వైపు వస్తోంది. ఇది ఆమెకు తెలిసిన లోకం. ఉండాట లోకం. పుట్టి పెరిగిన చక్రంలాగే ఇదీ ఒక చక్రం, మంచుది, చిన్నది.

"ఎదురుగా వచ్చినప్పుడు దూకకత్తా. పక్కకి పోతావు. వెలుగు ఇంకా నీ చెంప దగ్గర ఉన్నప్పుడే దూకాలి."

"ఏం మాట్లాడుతున్నావే? బయట తిన్నగా దూకితే తిన్నగా పోతాం. నీకు పొద్దున్నేగా చెప్పాను?"

"నువ్వు బయట లేవు అత్తా! తిరిగే గడ్డ మీద ఉన్నావు. చక్రంలో చెంబు విసిరితే ఎవరికి తగులుతుంది నీది?"

"పక్కవాడికి," అన్నాడు గిలక తాత, దూరం నుంచి.

"ఇప్పుడు నువ్వే ఆ చెంబువి," అంది ఉడుత. ఏడుపొస్తోంది, ఆపుకుంది. "నీ చెయ్యి చెప్పింది వినకు. నాది విను. నేను 'ఊ' అంటాను. అన్నప్పుడు తన్ను. వెలుగు ఎక్కడుందో చూడకు. కళ్ళు మూసుకో."

ఇన్నేళ్ళు ఆ మంచు మీద ఒకరి మాట వినకుండా బతికిన మనిషి ఆమె. తన ఒంట్లోకి ఎముక దాకా ఎక్కించుకున్న పాఠం ఒకటి, నిన్నమొన్నటి పిల్ల గొంతు ఒకటి. తప్పితే మళ్ళీ దూకడానికి కాళ్ళ కింద ఏమీ ఉండదు.

"కాళ్ళు సరిగా తెలియడం లేదే," అంది చివరికి, ఎప్పుడూ లేనంత మెల్లగా. "గట్టిగా తన్నలేనేమో."

"వచ్చినంత తన్ను."

"మూసుకున్నాను. చెప్పు."

గడ్డ ఒక చుట్టు తిరిగింది. ఉడుత చెప్పలేదు. దాని తీరు ఒంటికి పట్టాలి, లెక్క కాదు, బడిలో ఉండ చేతిలో పట్టుకుని ఎదుటివాడి కోసం ఆగినట్టు. ఇంకో చుట్టు. అత్త అటు మరుగైంది. చీకటి అంచు మీదుగా హెల్మెట్ పైకి వచ్చింది, భుజాలు వచ్చాయి. ఇంకా ఎదురుకు రాలేదు.

"ఊ!"

అత్త తన్నింది.

గడ్డ విడిచి వచ్చింది మనిషి. మొదట పక్కకే పోతున్నట్టు అనిపించి ఉడుత పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత అత్త పెద్దదవడం మొదలైంది. చేతులు చాపుకుని, గుడ్డిగా, నెమ్మదిగా, పెద్దదవుతూ వచ్చింది. తిన్నగానే వస్తోంది. దాదాపు తిన్నగా. ఉడుత చేతులు రెండూ చాపింది. అత్త తన తల మీదుగా, వేళ్ళకు జానెడు ఎత్తులో, దాటిపోసాగింది. వేళ్ళు ఖాళీని పట్టుకున్నాయి. అత్త వెనకే తెగిన నడుము తాడు తోకలా వస్తోంది. ఉడుత దాన్ని పట్టుకుంది. గ్లౌజుల్లోంచి జారింది. ఇంకా జారింది. మణికట్టుకు చుట్టేసింది. భుజం ఊడిపోయినంత గట్టిగా లాగి, ఆగింది.

తాడు చివర ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరిగారు, చిన్నపిల్లలు చేతులు పట్టుకుని తిరిగినట్టు.

"దొరికావు," అంది ఉడుత.

"ఎవరు? నేనా?" అంది అత్త. "చూడు, నేనే కదా? నా కాళ్ళు కూడా వచ్చాయా?"

రేడియోలో గిలక తాత వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. కాసేపటికి ఆయనే, "నేనేం ఏడవడం లేదు," అన్నాడు.

ఉడుత అత్తను దగ్గరకు లాక్కుని, తన సూటు పక్కనున్న వేడి తీగ తీసి అత్త సూటుకు తగిలించింది. ఒకరి వేడి ఇద్దరికి సరిపోదు, ఇద్దరూ వణకాల్సిందే. వణుకుతూనే ఒకరినొకరు వాటేసుకున్నారు. తాత గిలక తిప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా లాగాలి, లేకపోతే డాలుకు గుద్దుకుంటారు.

అప్పుడు ఉడుత తల తిప్పి చూసింది. ఇంతవరకూ ఆమె కళ్ళు అత్త మీదే ఉన్నాయి.

ఎదురుగా డాలు ముఖం.

ఆ ముఖాన్ని ఎవరూ చూడరు. కోతవాళ్ళు వీపు మీదే నడుస్తారు, తక్కినవాళ్ళు చక్రం దాటరు. ముత్తాతలు బయలుదేరిన నాటి నుంచి దాని పని ఒక్కటే, ముందుకు తిరిగి దెబ్బలు కాయడం. కొండంత మంచు గుంటలు పడి, గీతలు పడి, నల్లబడి, ముసలి మనిషి ముఖంలా ఉంది. దాని మీద ఇక్కడొకటి, అక్కడొకటి, చప్పుడు లేకుండా నిప్పురవ్వలు పూస్తున్నాయి. ఒక్కో రవ్వ ఒక్కో దుమ్ము కణం. వెలిగేది, ఆరేది. మళ్ళీ ఇంకెక్కడో వెలిగేది. ఆ రవ్వల్లో ఏ ఒక్కటి తమ వైపు వచ్చినా ఇద్దరూ ఉండరు. ఆ ముఖం వెనక, దూరంగా, చిన్నదిగా, గాజులా తిరుగుతూ చక్రం. అరచేయంత కిటికీల్లో పసుపు వెలుగులు. అందులో అమ్మ ఉంది. బడి ఉంది. తనకు తెలిసిన ప్రతి మనిషీ, ప్రతి పోట్లాటా, ఉడుతంటే ఏమిటో తెలియకుండా ఉడుతా అని పిలిచే ప్రతి నోరూ ఆ గాజులో ఉంది. దాని చుట్టూ ఇంకేమీ లేదు, చుక్కలు తప్ప.

"ఏం చూస్తున్నావే, మాట్లాడవు?" అంది అత్త.

"ఆగత్తా."

"నాకు చెప్పొచ్చుగా. ఇన్నేళ్ళలో నేను ఇంత దూరం రాలేదు. ఎవరూ రాలేదు."

"చెప్పలేను," అంది ఉడుత. "నువ్వే చూడాలి."

వేడి తగిలి అత్త అద్దం మీది మంచు మధ్యలో పలచబడుతోంది. మొదట రూపాయంత కన్నం పడింది. అత్త ఒక కన్ను ఆ కన్నానికి ఆనించినట్టు ముఖం ముందుకు పెట్టింది. తర్వాత ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండగలదని ఉడుతకు అప్పటిదాకా తెలియదు.

చాలాసేపయ్యాక అత్త గొంతు వచ్చింది. "మా నాన్న చెప్పేవాడు డాలు మనల్ని కాస్తుందని. నేనేమో రోజూ దాన్ని కోస్తూ వచ్చాను."

"తాగొద్దూ మరి?"

"తాగాలి." కాస్త ఆగి, "దాని ముఖం మీద ఎన్ని దెబ్బలో చూడవే."

"ఇంకాస్త వేగంగా లాగనా?" అన్నాడు గిలక తాత. "ఇంకా నీడలోకి రాలేదు మీరు. నా గుండె నా చేతిలో ఉంది."

"బాబాయ్," అంది మేనత్త, "కాస్త నిదానంగా లాగు."

"ఏంటీ? చచ్చి బతికారు. ఇంకా చూసేదేముంది అక్కడ?"

"చచ్చి బతికాం గనకే."

తాత గొణిగాడు. పిచ్చివాళ్ళ వంశమన్నాడు. వీళ్ళను లాగుతూ కూర్చుంటే పడవవాళ్ళు వచ్చి తనను వెక్కిరిస్తారన్నాడు. అన్నీ అంటూనే గిలక వేగం తగ్గించాడు. తాడు నెమ్మదిగా వచ్చింది.

వెనక్కి తిరిగితే గడ్డ ఇంకా కనిపిస్తోంది, అలాగే తిరుగుతూ, రంపం పిడి మీద ఉడుత దీపం ఒక్కోసారి మెరుస్తూ.

"అది ఎటు పోతుందత్తా?"

"ఎటు పోతుంది, మనం పోయే వైపే. ఓడ పోయినంత వేగమూ దానికీ ఉందిగా. పక్కకు జరుగుతూ జరుగుతూ, మనతో పాటే పోతుంది. ఆ సూర్యుడి దగ్గరికే."

"మనకంటే ముందు చేరుతుందా?"

"ఎవరు చూడొచ్చారు? నువ్వూ ఉండవు, నేనూ ఉండను అప్పటికి." అత్త పళ్ళు ఇంకా టకటకమంటున్నాయి. "నా రంపం మాత్రం చేరుతుంది. మంచి రంపం."

ఉడుత నవ్వింది. నవ్వితే కంట్లో నిలబడ్డ నీళ్ళ ముద్ద కదిలి, చుక్కలన్నీ ఒక్కసారి రెండింతలయ్యాయి. అత్త ఆమె నడుము చుట్టూ చేయి ఇంకాస్త బిగించింది. ఇద్దరూ ముఖాలు తిప్పకుండా, నిప్పురవ్వలు పూస్తున్న ఆ ముసలి ముఖం వైపు చూస్తూ, ఇంటి వైపు వెనక్కి వెనక్కి పోయారు.